పొయ్యి పక్కన చదివిన కీర్తన

మా ఉద్యోగం పేరు బైబిల్ ఉమన్. ఇంగ్లీషు పేరు కాబట్టి ఏదో పెద్ద హోదాలా వినిపిస్తుంది గానీ పని చిన్నదే. ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించాలి. మిషన్ దొరసానుల కాలంలో మొదలైంది. దొరసానులు వెళ్లిపోయారు, పేరు మాత్రం మాకు మిగిలిపోయింది. ఊళ్లల్లో మమ్మల్ని బైబిలమ్మగారనేవారు. ఏలూరులో మా వీధి చివర సైకిల్ షాపాయన నన్ను చూడగానే, "అదిగో, నడిచే పుస్తకం బయల్దేరింది" అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీ ఇంటికి రావడం లేదు లెండి, భయపడకండి" అనేదాన్ని.

ఈ మధ్య మా సంఘం వాళ్లు ఈ పనిలోకి కొత్తగా కొందరు అమ్మాయిలను తీసుకున్నారు. వాళ్లకు ఉపయోగపడేలా నాలుగు మాటలు రాసిమ్మన్నారు. రాయడం నా వల్ల కాదు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ మసకబారాయి. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. అక్షరం అసలే ఆనదు. అందుకని నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మధ్యలో "పెద్దమ్మా, ఇదంతా అవసరమా?" అని అడుగుతోంది. అవసరమో కాదో చివర తెలుస్తుంది, ముందు రాయమన్నాను.

ఎప్పుడు చేరాను, జీతమెంత, ఎక్కడినుంచి ఎక్కడికి బదిలీ చేశారు, అవేవీ ఇందులో ఉండవు. నాకు పని నేర్పిన కరుణమ్మగారి గురించి చెబుతాను. ఆవిడ వల్ల కొల్లేటి ఊళ్లో ఒకావిడకు వచ్చిన తప్పు కీర్తన గురించి చెబుతాను. ఆ తప్పును దిద్దడానికి నేను నానా తిప్పలూ పడ్డాను. ఇప్పుడు అదే తప్పు ఒక్కసారి వినాలని మొహంవాచి ఉన్నాను.

పీట వాల్చుకుని కూర్చోవడం

కరుణమ్మగారు బక్కపలచటి మనిషి. ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. కళ్లజోడు విరిగితే దారం కట్టుకుని అదే పెట్టుకునేవారు. గొంతు బొంగురు. గుడిలో ఆవిడ పాట అందుకుంటే ముందు వరసలో పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుకునేవాళ్లు. కోపం ముక్కు మీదే ఉండేది. ఇలాంటి మనిషి దగ్గర నన్ను పని నేర్చుకోమని పంపితే, మా పైవాళ్లకు నామీద కక్ష ఉందేమో అనుకున్నాను.

మొదటి రోజు ఉంగుటూరు వైపు ఒక పల్లెకు తీసుకెళ్లారు. నేను గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, బైబిలుకు కొత్త అట్ట వేసుకుని తయారయ్యాను. వెళ్లిన ఇంటి వసారాలో కుర్చీ వేస్తే కూర్చుని, ఇంటావిడను పిలిచాను. "అమ్మా, కాసేపు పని ఆపి రండి, వాక్యం విందురు గాని" అన్నాను. ఆవిడ పాపం తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మనసంతా పొయ్యి మీదే ఉంది. నేను చదువుతున్నంతసేపూ లోపలికే చూస్తోంది.

కరుణమ్మగారు నావైపు కొరకొరా చూశారు. లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్లి, పీట వాల్చుకుని కూర్చున్నారు. "నువ్వు వంట ఆపకు తల్లీ. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటాను" అన్నారు. ఆవిడ వంకాయలు తరుగుతుంటే ఈవిడ ఒక్కొక్క వాక్యం చదవడం, ఆగడం, ఆవిడ తిరిగి చెప్పేదాకా చూడడం, మళ్లీ చదవడం. మధ్యలో ఉప్పు వేశావా అని కూడా అడిగారు.

తిరుగు బస్సులో నాకు ఉక్రోషం ఆగలేదు. "దేవుని మాటకు కాస్త మర్యాద ఉండొద్దా అమ్మగారూ? వంకాయ కూర మధ్యలో చదవడమేంటండీ?" అన్నాను.

"పని ఆపించి చదివేవనుకో, మనం లేచి వచ్చేక ఆవిడ పని మొదలెట్టుకుంటుంది. వాక్యం వసారాలో కుర్చీలోనే ఉండిపోద్ది. వంకాయ తరుగుతా విన్నదనుకో, రేపు వంకాయ తరిగినప్పుడు అదే గుర్తొస్తుంది. రోజూ మనం వెళ్లగలమా ఏంటి? వంకాయలైతే రోజూ ఉంటాయి కదా" అన్నారు.

నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఈ మాటలోనే ఉంది. మిగతాదంతా చెప్పులు అరగడమే.

ఓదార్చకుండా రావడం

ఇంకొక్కటి చెప్పి అసలు సంగతికి వస్తాను. ఆ ఉంగుటూరు దగ్గరే ఒక ఇంట్లో పెళ్లీడుకొచ్చిన పిల్ల జ్వరం వచ్చి పోయింది. చుట్టాలందరూ ఆ తల్లి చుట్టూ చేరి, "దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు, ఏడవకూడదు" అని ఒకటే పాఠం. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరితోనూ మాట్లాడదు, ముద్ద ముట్టదు.

కరుణమ్మగారు ఆవిడ పక్కన కింద కూర్చుని ఒక కీర్తన తీశారు. అందులో ఓదార్పు లేదు. మొదటినుంచి చివరిదాకా దేవుణ్ని నిలదీయడమే, ఎందుకు నన్నిలా వదిలేశావని. చివర్లో కూడా చీకటే. అంతవరకూ చదివి పుస్తకం మూసేశారు. ఒక్క ముక్క కూడా వివరించలేదు. ఆ తల్లి మెల్లిగా ఇటు తిరిగి, "ఇదీ అందులోనే ఉందాండీ?" అని అడిగింది. "ఉంది తల్లీ" అన్నారు. అప్పుడావిడ బావురుమంది. ఆ పూట ఇంత మజ్జిగన్నం తిన్నదని తర్వాత తెలిసింది.

"ఏడ్చే మనిషికి ముందు ఏడ్చే మాట కావాలి. దేవుడే ఆ మాటలు కూడా రాయించి పెట్టుకున్నాడు. మనమెవరం దాచడానికి?" అన్నారు కరుణమ్మగారు. కొత్తగా వస్తున్న అమ్మాయిలూ, ఇది మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు సెల్‌ఫోన్లలో రోజూ పొద్దున్నే పూల బొమ్మ మీద ఒక వాక్యం పంపుతున్నారు. అన్నీ దీవెనలే. కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఒక దీవెన వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు తీసుకుని, దాన్ని ఫ్రిజ్‌కు అంటించి, బైబిల్ని టీవీ పక్కన అద్దాల బీరువాలో పెట్టేస్తారు. నెత్తిన పిడుగు పడ్డ రోజున ఆ పూల బొమ్మ ఎందుకు పనికొస్తుంది?

దేవమణి

దేవమణిది కొల్లేటి ఊరు. కైకలూరు దాకా బస్సు, అక్కడినుంచి కలిదిండి వైపు ఆటో, ఆపైన చేపల చెరువుల గట్ల మీద నడక. ఎటు చూసినా నీళ్లే, చేపలకు గాలి అందడానికి వాటి మీద పెట్టిన మరలు తిరుగుతున్న చప్పుడే. దేవమణి భర్త చెరువులకు కాపలా ఉండేవాడు. తను రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. ఇంటి దగ్గర ఒక గేదె. అక్షరం ముక్క రాదు. కరుణమ్మగారు నాకంటే చాలా ముందునుంచే ఆ ఇంటికి వెళ్తుండేవారు. కాపరి కీర్తన ఉంది చూడండి, అందరికీ తెలిసిందే, దేవుడు గొర్రెల కాపరిలా చూసుకుంటాడని చెప్పేది. దాన్ని ఆవిడ వాక్యం వాక్యం చదవడం, దేవమణి పాలు కాస్తూ అనడం. అలా మొత్తం కంఠతా వచ్చేసింది.

ఒకసారి నేను దేవమణితో పాటు షెడ్డులోకి వెళ్లాను. ఐసు గడ్డల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి పని చేస్తున్నారు. వేళ్ల చివర్లు పగిలిపోయి ఉన్నాయి. దేవమణి పెదాలు కదులుతున్నాయి.

"ఏం పాడుతున్నావు?" అన్నాను.

"పాట కాదండీ, మన కీర్తనేనండీ. చేతులు తిమ్మిరెక్కిపోతాయి కదండీ, నోట్లో ఏదోటి ఆడతా ఉంటే నొప్పి తెలీదు. అందరూ సినిమా పాటలు పాడుకుంటారు. నాకిది వచ్చండీ. ఇది అయిపోయేసరికి ఒక తట్ట అయిపోద్దండీ" అంది.

వాక్యం వల్ల క్రైస్తవుడికి నిత్యజీవితంలో లాభమేంటి అని మాకు ట్రైనింగులో పెద్ద పాఠం ఉండేది. ఆ పాఠం నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. దేవమణి తట్ట మాత్రం గుర్తుంది.

తాడేపల్లిగూడెం పోటీ

కొన్నాళ్లకు కరుణమ్మగారు రిటైరయ్యారు. ఆవిడ తిరిగిన ఊళ్లు నాకు అప్పగించారు. ఆ ఏడు మా స్త్రీల సమాజం పెద్ద కూడిక తాడేపల్లిగూడెంలో పెట్టారు. అందులో కంఠత వాక్యాల పోటీ. చదువు రానివాళ్లకు విడిగా బహుమతి ఉందంటే దేవమణి పేరు ఇచ్చాను, ముందు ఒకసారి మొత్తం చెప్పించుకుని వినాలని నాకు తోచనే లేదు. దేవమణి కొత్త చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కరుణమ్మగారు నాతో పాటు ఏలూరు నుంచి పాసింజరు బండిలో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడకు లోపల ఎంత సంబరంగా ఉందో, లవంగాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకుంటుంటేనే నాకు తెలిసిపోయింది.

దేవమణి మైకు ముందు నిలబడి మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. పచ్చిక, నీళ్లు, చీకటి లోయ, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. దేవుడు తన గిన్నె నిండి పొర్లేలా పోశాడని చెప్పే చోటు వచ్చింది. ఆ మాట అని, అదే గొంతుతో, అదే భక్తితో, "పాలు చూసుకో తల్లీ, పొంగుతున్నాయి" అంది. అని కాసేపు ఆగింది.

హాలంతా గొల్లుమంది. తీర్పు చెప్పడానికి వచ్చిన టీచరుగారు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో దేవమణికి అర్థం కాలేదు. మిగిలిన ఒక్క వాక్యం చెప్పకుండా, మెట్లు దిగి వచ్చేసింది.

కరుణమ్మగారు లేచి నిలబడ్డారు. "నవ్వకండమ్మా. ఆ మాట నాది. నేను చదువుతుంటే వాళ్లింట్లో పాలు పొంగేయి, చూసుకోమన్నాను. ఆ పిల్ల అదీ వాక్యంలోదే అనుకుంది. అది నా వల్లే" అన్నారు. దానికి ఇంకా నవ్వారు. ప్రతిసారీ ఆ చోటికి వచ్చేసరికే పాలు పొంగేవట. ప్రతిసారీ ఈవిడ అదే మాట అనేవారట. దేవమణి వెళ్లి పొయ్యి తగ్గించి వచ్చేదాకా పుస్తకం మీద వేలు పెట్టుకుని ఆగేవారట. అలా ఆ మాట కీర్తనలో ఒక చరణమైపోయింది.

బయట కుళాయి దగ్గర దేవమణి మొహం కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి, "గిన్నె పొర్లిపోతుందన్నాక పాలు చూసుకోమనే కదండీ చెప్తారు? అందులో తప్పేముందండీ?" అని అడిగింది. కరుణమ్మగారు తన కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచారు.

తిరుగు బండి ఎక్కాం. భీమడోలు దాటాక అన్నారు, "ఎస్తేరూ, ఆ మాట తీసేయించు. బైబిలు చివర్లోనే ఉంది కదా, ఇందులో ఎవరూ ఏదీ కలపొద్దని. దేవుని మాటల మధ్య నా మాట ఉండకూడదు."

తీసేయడం

చేతి రాత తప్పయితే చెరిపేయొచ్చు. నోటికి వచ్చిన తప్పును చెరపడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. దేవమణి ఆ చోటికి రాగానే నా వైపు బెదురుగా చూసేది. ఆ మాట వచ్చేస్తుందేమోనని ముందే నోరు మూసుకునేది. కొన్నాళ్లకు అసలు కీర్తనే మానేసింది. షెడ్డులో అడిగితే, "నోరు రావట్లేదండీ అమ్మగారూ. మొదలెడితే అందరూ నవ్వినట్టే ఉంటుందండీ" అంది. ఒక మనిషికి రోజూ అన్నంలా ఉన్నదాన్ని మనవాళ్లు నవ్వి లాగేసుకున్నారు. అమ్మాయిలూ, వాక్యం తప్పు చెప్పినవాళ్లను చూసి ఎప్పుడూ నవ్వకండి. వాళ్లకున్నది అదే కావచ్చు.

వానాకాలమంతా వెళ్లాను. గట్లు బురదయ్యాయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. అదే పొయ్యి పక్కన, అదే పీట మీద కూర్చుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. నేను చదివేటప్పుడు పాలు పొంగితే పొంగనిచ్చాను, మాట్లాడలేదు. నేల మీద పాలు కారిపోతుంటే దేవమణి నా మొహంలోకి చూసేది, నేను పుస్తకంలోకి చూసేదాన్ని. చివరికి వానలు వెనకబట్టాక ఒక పొద్దున, ఆ మాట లేకుండా కీర్తన మొత్తం చెప్పింది. మర్నాటినుంచి షెడ్డులో కూడా చెప్పుకుంటోందని తోటివాళ్లు అన్నారు.

ఆ సంగతి చెప్పడానికి ఏలూరులో కరుణమ్మగారింటికి వెళ్లాను. అప్పటికి మంచం పట్టారు. "తీసేశామండీ" అన్నాను. "మంచి పని చేశావు" అన్నారు. కాసేపటికి, "ఇంక నన్ను గుర్తు పెట్టుకోదేమోనే" అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ నెలలోనే పోయారు.

గొంతు

ఇప్పుడు నాకు బైబిలు చదివిపెట్టేది ఫోను. సంఘం పిల్లలు అందులో ఏదో పెట్టిచ్చారు, వేలితో నొక్కితే మొత్తం వినిపిస్తుంది. చదివేది మంచి గొంతే. ఒక్క తప్పు దొర్లదు. కానీ నేను ముద్ద మింగుతున్నానో, ఏడుస్తున్నానో, నిద్రపోయానో దానికి అక్కర్లేదు. చదువుకుంటూ పోతుంది. ఉప్పు వేశావా అని అడగదు.

జీవితమంతా నేనే చదివాను, ఎవరో ఒకరు విన్నారు. నాకు చదివేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున్నే లేచి మసకలో కూర్చున్నప్పుడు నాకు కరుణమ్మగారి బొంగురు గొంతు కావాలనిపిస్తుంది. ఫోటో ఉంది, నాకు కనపడదు. ఆవిడ బైబిలు నా దగ్గరే ఉంది, తడుముకోవడమే, అందులో లవంగం వాసన కూడా పోయింది. ఆవిడ అన్నది అన్నట్టుగా, ఆవిడ స్వరంతో ఈ లోకంలో మిగిలిన మాట ఒక్కటే ఉండేది. దాన్ని ఆవిడే తీసేయించారు, నేనే తీసేశాను. అది తప్పని అనను. ఆవిడ చెప్పిందే న్యాయం. అయినా బెంగ తీరదు.

మొన్న మా చెల్లెలి కూతుర్ని సతాయించి దేవమణి ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆటో గుమ్మం దాకా వెళ్తోంది. దేవమణి షెడ్డు పని మానేసింది, నడుం వంగిందట. నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది గానీ, మూల మాత్రం అదేనని చెప్పింది. "ముందు టీ తాగండమ్మగారూ" అని పాలు పెట్టి వచ్చి, నా పక్కన కింద కూర్చుంది.

దారంతా ఒకటే అనుకుంటూ వచ్చాను, ఆ పాత మాటతో ఒక్కసారి చెప్పమని అడుగుదామని. తీరా కూర్చున్నాక నోరు రాలేదు. అంత కష్టపడి మాన్పించిన మాటను, నాకు తోచడం లేదని మళ్లీ ఎలా అనమంటాను? "కాపరి కీర్తన చెప్పు దేవమణీ, నా కళ్లకు అక్షరం ఆనడం లేదు" అని మాత్రం అన్నాను.

"అలాగేనండీ" అని మొదలుపెట్టింది. పచ్చిక, నీళ్లు, చీకటి లోయ. గొంతు ముసలిదైంది గానీ వరస అదే. వాక్యానికీ వాక్యానికీ మధ్య కరుణమ్మగారి లాగే ఊపిరి తీసుకుంటోంది. గిన్నె నిండి పొర్లే చోటు వచ్చింది. ఆ మాట అంది. అని ఆగింది.

మరిచిపోయిందేమో అనుకున్నాను. అందిద్దామని నోరు తెరిచాను కూడా. అప్పుడు తెలిసింది. మేము మాట తీసేశాం గానీ ఆగడం తీసేయలేదు. లేచి పొయ్యి దాకా వెళ్లి, మంట తగ్గించి, వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. పుస్తకం మీద వేలు పెట్టుకుని ఆవిడ ఆగినంతసేపు. ఇన్నేళ్లూ ఐసులో చేతులు పెట్టుకుని కూడా, దేవమణి ఆ చోట అలా ఆగుతూనే ఉంది.  ఆ ఖాళీలో కరుణమ్మగారు లవంగాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకోవడం కూడా నాకు తెలుస్తోంది.

నాకు తెలియకుండానే అనేశాను, "పాలు చూసుకో తల్లీ, పొంగుతున్నాయి."

"అయ్యబాబోయ్, నిజమేనండీ!" అంటూ దేవమణి గబుక్కున లేచింది. గ్యాస్ కట్టేసిన చప్పుడు వినిపించింది. తను తిరిగి వచ్చి కూర్చునేదాకా నేను ఆగాను. వచ్చి, నా చేయి తన చేతిలోకి తీసుకుని, ఎక్కడ ఆపిందో అక్కడినుంచి మిగిలిన ఒక్క వాక్యం చెప్పింది.